కొత్త వెబ్‌సైట్ ఉన్నా ఆసుపత్రికి అందరూ ఫోనే ఎందుకు చేస్తున్నారు?

మీరు రాసిన విషయం క్లుప్తంగా ఇది. జిల్లా కేంద్రంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి మీ చిన్న సంస్థ కొత్త వెబ్‌సైట్ తయారుచేసి ఆరు నెలలైంది. పని మొదలుపెట్టేముందు నలుగురు ఊహాజనిత యూజర్ల వివరాలు రాసి గోడకు అంటించుకున్నారు, ఆన్‌లైన్‌లో సర్వే జరిపారు, అందులో దాదాపు అందరూ డిజైన్ బాగుందనే అన్నారు. అయినా అపాయింట్‌మెంట్ కోసం జనం ఇప్పటికీ రిసెప్షన్‌కు ఫోన్ చేస్తూనే ఉన్నారు, ఫారం తెరిచినవారు సగంలో వదిలేస్తున్నారు. లోపం ఎక్కడుంది, తెలుగులో కూడా పెట్టాలా, ఎంతమందితో పరీక్షించాలి, యాప్ చేస్తే సమస్య తీరుతుందా అని అడిగారు.

ఈ పనిలో నాకు పదిహేనేళ్లు దాటింది. వరంగల్‌లో ఒక ఆసుపత్రికి మీరు చేసిన పనే చేసి, మీలాగే దెబ్బతిన్నాను కనుక ఎక్కువ భాగం ఆ అనుభవం నుంచే రాస్తాను. మీ స్క్రీన్‌షాట్లు చూశాను, లేఅవుట్ శుభ్రంగానే ఉంది. అయితే మీరు చేసిన పనుల జాబితాలో ఆ ఆసుపత్రి కౌంటర్ దగ్గర ఎవరైనా ఒక పూట కూర్చున్నట్టు ఎక్కడా లేదు. నా అనుమానమంతా అక్కడే ఉంది.

ముందు సర్వే సంగతి చూద్దాం. కష్టపడి చేసిన వస్తువును చూపించి ‘ఎలా ఉందండీ’ అని అడిగితే ‘బాగుందండీ’ అనడం మన దగ్గర మర్యాద. పెళ్లి భోజనాల దగ్గర చెప్పే జవాబు లాంటిది అది. దాన్ని రుజువుగా తీసుకోకూడదు. దానికి మించిన చిక్కు మరొకటి ఉంది. మీ ఫారం పూర్తిచేయలేక వదిలేసినవారు, అంటే మీరు ఎవరి మాట వినాలో వారే, మీ సర్వే ఫారం కూడా పూర్తిచేయరు. కాబట్టి మీకు జవాబు ఇచ్చినవారందరూ ఆన్‌లైన్ ఫారాలకు అలవాటు పడినవారే అయి ఉంటారు. గోడ మీది నలుగురు ఊహాజనిత వ్యక్తులదీ అదే కథ. అలాంటి చిత్రణలు మొత్తంగా పనికిరానివని నేను అనను. పదిమందిని కళ్లారా చూశాక, చూసినదాన్ని జట్టులో మిగతావారికి గుర్తుచేయడానికి అవి ఉపయోగపడతాయి. చూడకుండా రాసుకుంటే మాత్రం అది నేల విడిచి సాము చేయడమే.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1985లో, ఐబీఎంలో పరిశోధన చేసిన జాన్ గూల్డ్, క్లేటన్ లూయిస్ మూడు సూత్రాలు చెప్పారు: వాడబోయేవారినీ వారు చేసే పనినీ మొదటి నుంచే దగ్గరగా గమనించడం, నమూనాను వారి చేత వాడించి ఏం జరిగిందో కొలవడం, తేలినదాన్నిబట్టి మళ్లీ మళ్లీ దిద్దడం. వినడానికి ఇందులో ఎవరికీ తెలియనిది ఏమీ లేదు. అయినా వ్యవస్థలను రూపొందించేవారిని మీరు ఏ పద్ధతిలో పనిచేస్తారని అడిగితే, ఈ మూడింటినీ చెప్పినవారు కొద్దిమందేనని వారే నమోదు చేశారు. తరువాత ఇవే 1999లో ఐఎస్‌ఓ 13407 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమయ్యాయి. 2010లో దాని స్థానంలో ఐఎస్‌ఓ 9241-210 వచ్చింది, దాన్ని 2019లో సవరించారు. ప్రమాణం చదవడం మంచిదే కానీ, దానికంటే ముందు కౌంటర్ పక్కన కుర్చీ వేసుకోవడం మంచిది.

వరంగల్ ఆసుపత్రిలో నేను ఆ పని ఆలస్యంగా చేశాను. వెబ్‌సైట్ విఫలమైందని యాజమాన్యం చెప్పాక రిజిస్ట్రేషన్ కౌంటర్ వెనుక మూడు రోజులు కూర్చున్నాను. అక్కడ ఫోన్ ఎత్తే అమ్మాయి దగ్గర ఒక పొడుగు రూళ్ల పుస్తకం ఉండేది. వచ్చిన ప్రతి కాల్‌కూ పేరు, ఊరు, ఏ డాక్టరు అన్నది రాసుకునేది. ఉదయం ఎనిమిదిన్నర నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. అవతలివారు అడుగుతున్న మొదటి ప్రశ్న దాదాపు ప్రతిసారీ ఒకటే: ‘డాక్టరుగారు ఇవాళ ఉన్నారా?’ దాని తరువాత ఎన్నింటికి వస్తారు, ఓపీ ఎంత, పాత చీటీ చెల్లుతుందా, ఆరోగ్యశ్రీ ఉందా అనే ప్రశ్నలు. నేను చేసిన వెబ్‌సైట్‌లో డాక్టరుగారి డిగ్రీలు, ఆయన చదివిన కళాశాల, అందుకున్న సన్మానాలు, నవ్వుతున్న ఫొటో అన్నీ ఉన్నాయి. ఆయన ఇవాళ ఉన్నారా అన్నది మాత్రం లేదు. ‘ఉదయం 10 నుంచి 1 వరకు’ అని ఒక వరుస ఉంది కానీ, ఆయన వార్డు రౌండ్లు ముగించుకుని గదిలోకి వచ్చేసరికి పదకొండు దాటుతుందని ఆసుపత్రిలో అందరికీ తెలుసు. అత్యవసర ఆపరేషన్ పడితే ఆ పూట అసలు రారు.

నలభై కిలోమీటర్ల దూరం నుంచి మోకాళ్ల నొప్పితో తల్లిని ఆటోలోనో బస్సులోనో తీసుకురావాల్సిన మనిషికి కావలసింది డాక్టరు ఉంటారన్న భరోసా. ఒకసారి వెబ్‌సైట్‌ను నమ్మి వచ్చి, డాక్టరు లేక తిరిగి వెళ్లినవాడు మళ్లీ దాన్ని నమ్మడు; ఇంటి చుట్టుపక్కల పదిమందికీ ‘ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి’ అని చెబుతాడు. మీ కాల్స్ తగ్గకపోవడానికి ఇదే కారణమై ఉంటే, బటన్ రంగు మార్చినా మొదటి పేజీని తిరగరాసినా ఒక్క కాల్ కూడా తగ్గదు.

అప్పుడు నేను చేసిన మార్పు రోగులు చూసే పేజీలో మొదలు కాలేదు. ఆ రిసెప్షన్ అమ్మాయి కోసం ఒక చిన్న తెర తయారుచేశాం. అందులో డాక్టర్ల పేర్లు, ప్రతి పేరు పక్కన మూడే బటన్లు: వచ్చారు, ఆలస్యం, ఇవాళ రారు. ‘ఆలస్యం’ నొక్కితే ఎన్నింటికి వస్తారో అరగంట చొప్పున ఎంచుకునే వీలు. ఆమె ఒక చేత్తో ఫోన్ పట్టుకునే ఉంటుంది కనుక అంతా రెండో చేతి వేలితో జరిగిపోవాలి. టైపు చేయవలసింది ఏదీ ఉండకూడదు. ఆమె నొక్కిన వెంటనే వెబ్‌సైట్ మొదటి పేజీలో ‘ఇవాళ ఉన్న డాక్టర్లు’ అనే జాబితా మారేది, పక్కనే ‘9:40కి సరిచూసినది’ అని సమయం కనిపించేది. ఆ సమయం పెట్టాలన్న ఆలోచన ఆ అమ్మాయిదే. ‘ఎప్పటి సమాచారమో తెలియకపోతే మళ్లీ నాకే ఫోన్ చేస్తారు సార్’ అంది. రోగుల కోసం వెబ్‌సైట్ చేస్తున్నామనుకుని, దానికి రోజూ ప్రాణం పోయవలసిన మనిషిని యూజర్ల జాబితాలోనే చేర్చలేదు నేను. మీ గోడ మీది నలుగురిలో రిసెప్షనిస్టు ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

ఇక ఫారం సగంలో వదిలేయడం గురించి. ఇక్కడ మొదట గ్రహించవలసినది, ఫారం నింపే మనిషి ఒకరు, వైద్యం చేయించుకునే మనిషి మరొకరు అని. కొడుకు, కోడలు, పక్కింటి డిగ్రీ కుర్రాడు, ఊళ్లో మీసేవ కేంద్రం నడిపేవాడు, ఇలా ఎవరో ఒకరు పెద్దవారి తరఫున నింపుతారు. చాలా ఫారాలు ఈ ఇద్దరినీ ఒక్కరిగానే లెక్కవేస్తాయి. నేను చూసిన ఒక సంఘటన చెబుతాను. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కౌంటర్ ముందు నిలబడి, పక్కనున్న కుర్రాడి చేత ఫోన్‌లో నింపిస్తున్నారు. ఆసుపత్రి రికార్డులో ఉన్న మొబైల్ నంబర్ ఆయన కొడుకుది. ఆ కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాడు. ఓటీపీ అక్కడికి వెళ్లింది. పెద్దాయన కొడుక్కి ఫోన్ చేయడానికి అదే ఫోన్‌లో వెబ్‌సైట్ వదిలి బయటికి వచ్చారు. కొడుకు రెండోసారికి ఎత్తి, ఆరు అంకెలు చెప్పి, వాటిని కుర్రాడు గుర్తుపెట్టుకుని తిరిగి పేజీకి వెళ్లేసరికి గడువు ముగిసింది, అంతవరకు నింపిన వివరాలన్నీ పోయి ఖాళీ ఫారం కనిపించింది. ఆయన నన్ను చూసి, ‘నాకు చదువు రాదు బిడ్డా, అందుకే రావట్లేదు’ అన్నారు. ఆ గడువు రెండు నిమిషాలు పెట్టింది నేను.

దొంగ బుకింగ్‌లు రాకుండా ఓటీపీ కావాలని యాజమాన్యం పట్టుబట్టినందువల్ల దాన్ని తీసేయలేకపోయాం. గడువును పది నిమిషాలకు పెంచాం, నింపిన వివరాలు పేజీ వదిలి వెళ్లినా నిలిచి ఉండేలా చేశాం, ఓటీపీని అన్నిటికంటే చివరికి నెట్టాం, నంబర్ అడిగేచోట ‘ఇప్పుడు మీ దగ్గర ఉన్న ఫోన్ నంబర్ ఇవ్వండి’ అని రాశాం. ఆ చివరి వాక్యం వల్ల జరిగిన మేలు మిగతా మూడింటికంటే ఎక్కువని నా నమ్మకం. ‘ఎవరికి చూపించాలి?’ అన్న ప్రశ్నను మొదట పెట్టి, ‘నాకు’, ‘మా ఇంట్లోవారికి’ అని రెండు బటన్లు ఇచ్చాక తరువాతి ప్రశ్నల వాక్యాలు కూడా చక్కగా కుదిరాయి.

పేరు అడిగే విధానాన్ని మీరు తప్పకుండా మార్చాలి. ‘ఫస్ట్ నేమ్’, ‘లాస్ట్ నేమ్’ అని రెండు పెట్టెలు ఉన్నాయి మీ ఫారంలో. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. మొదట వచ్చేది ఇంటిపేరు కనుక దాన్నే ఫస్ట్ నేమ్‌లో రాసేవారు కొందరు, సొంత పేరు అక్కడ రాసి రెండో పెట్టెలో ఏం రాయాలో తెలియక ఒక చుక్క పెట్టేవారు కొందరు, భర్త పేరు రాసేవారు మరికొందరు. ఆ వివరాలు కౌంటర్ జాబితాలో తలకిందులై కనిపిస్తాయి. టోకెన్ తీసుకున్న మనిషి ఎదురుగానే ఉన్నా పేరు దొరకదు. ఒకే పెట్టె పెట్టి ‘పేషెంట్ పేరు, ఆధార్‌లోనో పాత చీటీలోనో ఉన్నట్టు’ అని అడిగితే చాలు. పుట్టిన తేదీ కూడా వద్దు. పెద్దవారిలో చాలామందికి వయసు ఉజ్జాయింపుగా తెలుస్తుంది, తేదీ తెలియదు. పైగా క్యాలెండర్ పెట్టె ఈ ఏడాదితో తెరుచుకుంటే డెబ్బై ఏళ్ల వెనక్కి ఒక్కో నెలా నొక్కుతూ పోవాలి. ఓపీ చీటీ మీద డాక్టరు చూసేది వయసే కనుక వయసే అడగండి. ప్రతి పెట్టె దగ్గరా ఆగి, ఈ సమాచారాన్ని ఎవరు, ఎప్పుడు, దేనికి వాడతారని ఆసుపత్రివారిని అడగండి. జవాబు రాని పెట్టెను తీసేయండి. ఈ పద్ధతిలో మాకు ఈమెయిల్, జిల్లా, పిన్‌కోడ్, బ్లడ్ గ్రూపు, ‘మా గురించి ఎలా తెలిసింది’ అనే ఐదూ ఎగిరిపోయాయి.

తెలుగులో పేరు రాసేవారి కోసం ఒక సాంకేతిక హెచ్చరిక. ‘వెంకటసుబ్బలక్ష్మి’ అన్న పేరు మన కంటికి ఏడు అక్షరాలు. కంప్యూటర్లు అక్షరాలకు వాడే యూనికోడ్ సంకేతాల పద్ధతిలో మాత్రం గుణింతపు గుర్తులు, పొల్లులు, వత్తులు విడివిడిగా లెక్కకు వస్తాయి కనుక అది పదిహేడు సంకేతాలు. వాటిని నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కనుక 51 బైట్లు. ఎవరో ఎప్పుడో డేటాబేసులో పేరుకు 50 బైట్ల హద్దు పెట్టి ఉంటే, ఇంటిపేరు రాయకముందే ఆ పేరు తెగిపోతుంది. మీ బ్యాకెండ్ చూసేవారిని ఈ ఒక్క పేరుతో పరీక్షించి చూడమనండి.

తెలుగు కావాలా అన్న ప్రశ్నకు నా జవాబు కావాలనే, కానీ అనువాద యంత్రంలో వేసి తీసిన తెలుగు వద్దు. మీరు చూపిన తెలుగు నమూనాలో ‘హృద్రోగ శాస్త్ర విభాగం’, ‘మూత్రపిండ శాస్త్ర విభాగం’ అని ఉన్నాయి. కౌంటర్ దగ్గర ఆ మాటలు ఎవరి నోటా రావు. గుండె డాక్టరు, కిడ్నీ డాక్టరు, ఎముకల డాక్టరు, చెస్ట్ డాక్టరు, పిల్లల డాక్టరు అంటారు. ఇంగ్లీషు పేర్లను తెలుగు లిపిలో రాసినా సగం ఇబ్బంది అలాగే ఉంటుంది. మూడు రోజులుగా జ్వరం ఉన్న మనిషి ‘జనరల్ మెడిసిన్’ దగ్గరికి వెళ్లాలని తనంతట తాను ఊహించలేడు. అది మందుల దుకాణమని అనుకున్నవారిని నేను చూశాను. అందుకని ‘జ్వరం, షుగర్, బీపీ – జనరల్ మెడిసిన్’ అని బాధనూ విభాగాన్నీ కలిపి రాశాం. ఏ మాట వాడాలన్న సందేహం వచ్చినప్పుడల్లా ఆ రూళ్ల పుస్తకమే మా నిఘంటువు. డాక్టరు పేరు వెతికే పెట్టె ఉంటే అక్షరక్రమం పట్ల ఉదారంగా ఉండాలి: శ్రీనివాస్ పేరును ఇంగ్లీషులో ఒకరు ఐతో, మరొకరు రెండు ఈలతో రాస్తారు, లక్ష్మిని ఎక్స్‌తో రాసేవారూ ఉన్నారు, అందరికీ ఒకే డాక్టరు కనిపించాలి. తప్పు జరిగినప్పుడు చూపే వాక్యాలనూ ఇదే కొలతతో తిరగరాయండి. ‘చెల్లని ఇన్‌పుట్’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘ఫోన్ నంబర్‌లో 9 అంకెలే ఉన్నాయి, 10 ఉండాలి’ అంటే వెంటనే దిద్దుకుంటారు.

తెలుగు అక్షరాలకు పైనా కిందా చోటు కావాలి. ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల ఎడం తెలుగుకు ఇరుకవుతుంది. మీ బటన్ల మీద ‘క్ష్మి’, ‘ష్ట్ర’ వంటి అక్షరాల కింది వత్తులు తెగి కనిపిస్తున్నాయి. ఎడాన్ని అక్షరం కొలతకు ఒకటిన్నర రెట్లు దాటించి, బటన్ ఎత్తును స్థిరంగా కాకుండా లోపలి పాఠాన్నిబట్టి పెరిగేలా వదలండి. అలంకారపు వెబ్ ఫాంటు కోసం ఆరాటపడవద్దు. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంటు ఎలాగూ ఉంటుంది. అదనపు ఫాంటు దిగేవరకు ఖాళీ తెర చూపడం కంటే ఉన్నదాన్ని వాడటం మేలు. పేజీకి తెలుగు భాషా సంకేతం కూడా ఇవ్వండి, అది లేకపోతే తెర చదివే సాఫ్ట్‌వేర్ ఏ భాష గొంతుతో చదవాలో తెలియక తడబడుతుంది.

ఫోన్‌లో వాడకం గురించి మీరు అడగలేదు కానీ అసలు వాడకమంతా అక్కడే. 2013లో మొబైల్ డిజైన్ నిపుణుడు స్టీవెన్ హూబర్ బహిరంగ ప్రదేశాల్లో ఫోన్ వాడుతున్న 1,333 మందిని గమనిస్తే, వారిలో తెరను తాకుతూ వాడుతున్నవారిలో 49 శాతం మంది ఒంటి చేత్తో పట్టుకుని కనిపించారు. అప్పటికంటే ఇప్పటి ఫోన్లు పెద్దవి, బొటనవేలికి పై మూలలు ఇంకా దూరమయ్యాయి. మన దృశ్యంలో రెండో చేతిలో ఎక్స్‌రే కవరో, పసిపిల్లో కూడా ఉంటుంది. వెబ్‌సైట్లను అందరూ వాడగలిగేలా చేయడానికి 2023 అక్టోబరులో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.2 మార్గదర్శకాలు నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల చదరం ఉండాలంటాయి. ఆసుపత్రికి అది కూడా చాలదని నా అభిప్రాయం, 48 కంటే తగ్గించకండి. అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య 4.5కు 1 నిష్పత్తిలో తేడా ఉండాలన్నది పాత నియమమే. మీ లేత బూడిద రంగు అక్షరాలు దానికి నిలబడవు, ఎండలో బస్టాండ్‌లో నిలబడి చూస్తే అసలు కనిపించవు. అంకెలు అడిగేచోట అంకెల కీబోర్డు వచ్చేలా పెట్టెకు ‘ఇన్‌పుట్‌మోడ్’ అనే అమరికను న్యూమరిక్‌గా పెట్టండి, అంతేకాని పెట్టె రకాన్నే ‘నంబర్’గా మార్చకండి, అది మొదట్లోని సున్నాలను మింగేస్తుంది. ఇన్‌పుట్ పెట్టెలోని అక్షరాలు 16 పిక్సెళ్ల కంటే చిన్నవైతే ఐఫోన్‌లో పేజీ దానంతటదే పెద్దదై పక్కకు జరుగుతుంది. ఆసుపత్రి ఫోన్ నంబర్ మీ మొదటి పేజీలో బ్యానర్ బొమ్మలో భాగంగా ఉంది, దాన్ని నొక్కితే కాల్ వెళ్లదు, కాపీ కూడా కాదు. ఇవాళే మార్చగలిగింది ఏదైనా ఉంటే అదే.

బ్యానర్ అంటే గుర్తొచ్చింది. ఆగకుండా తిరిగే ఐదు పెద్ద ఫొటోలు, వాటిలో ఛైర్మన్‌గారు జ్యోతి వెలిగిస్తున్నది ఒకటి. వాటిని తీసేయమని మీరు చెబితే యాజమాన్యం ఒప్పుకోదని రాశారు. 1998లోనే బెన్‌వే, లేన్ అనే పరిశోధకులు పేజీలో కొట్టొచ్చినట్టు ఉండే బ్యానర్లలో పెట్టిన సమాచారాన్నే జనం చూడకుండా దాటిపోతున్నారని గమనించి దానికి ‘బ్యానర్ బ్లైండ్‌నెస్’ అని పేరు పెట్టారు. ఈ మాట మీరు ఛైర్మన్‌గారికి చెప్పి లాభం లేదు. పరీక్షలో పాల్గొన్నవారి అనుమతితో తీసిన రెండు నిమిషాల వీడియో చూపించండి. ఒక తల్లి డాక్టరు సమయం కోసం ఆ ఫొటోల మీదుగా మూడుసార్లు కిందికీ పైకీ జరపడం ఆయన కళ్లతో ఆయనే చూస్తే వాదన అక్కరలేదు. మా దగ్గర ఆ ఫొటోలు ‘మా గురించి’ పేజీకి గౌరవంగా తరలివెళ్లాయి, ఎవరి మనసూ నొచ్చుకోలేదు. పేజీ బరువు తగ్గడం అదనపు లాభం. వెబ్‌సైట్ల వాడుక సౌలభ్యంపై పరిశోధించిన జేకబ్ నీల్సన్ చాలాకాలంగా చెబుతున్న కొలత ప్రకారం ఒక సెకనులోపు స్పందన వస్తే ఆలోచన తెగదు, పది సెకన్లు దాటితే మనిషి ధ్యాస వేరే పని మీదికి పోతుంది. ఆసుపత్రి వరండాలో సిగ్నల్ ఒక గీత ఉన్నచోట మీ పేజీ ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూడండి.

ఎంతమందితో పరీక్షించాలన్న ప్రశ్నకు వస్తాను. నీల్సన్, థామస్ లాండౌర్ 1993లో ప్రచురించిన లెక్క ప్రకారం ఒక్కో మనిషి సగటున 31 శాతం లోపాలను బయటపెడితే ఐదుగురితో సుమారు 85 శాతం బయటపడతాయి. అందుకే ఒకేసారి పదిహేనుమందిని కూర్చోబెట్టడం కంటే ఐదుగురితో చూసి, దిద్ది, మళ్లీ వేరే ఐదుగురితో చూడటం లాభం. కానీ ఈ ఐదు అనే అంకె ఒకే తరహా మనుషులకు వర్తిస్తుంది. మీ ఆసుపత్రికి తమకోసం తామే నింపుకునేవారు, ఇతరుల కోసం నింపేవారు, రిసెప్షన్ సిబ్బంది అని మూడు తరహాలు ఉన్నాయి, ఒక్కో తరహా నుంచి కనీసం ముగ్గురు నలుగురు కావాలి. వారిని మీ ఆఫీసుకు పిలవవద్దు. ఓపీ హాల్లో డాక్టరు కోసం ఎదురుచూస్తూ ఎలాగూ గంట కూర్చుంటారు; అనుమతి అడిగి, వారి ఫోన్‌లోనే చేయించండి. మీ ఆఫీసులోని కొత్త ఫోన్‌లో బాగా నడిచిన పేజీ, మెమరీ నిండిపోయి గీతలు పడిన తెర ఉన్న ఫోన్‌లో ఎలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

పని ఇచ్చేటప్పుడు మీ బటన్ల మీది మాటలు నోట రానివ్వకండి. ‘ఆర్థో విభాగంలో అపాయింట్‌మెంట్ బుక్ చేయండి’ అంటే వారు ఆ అక్షరాల కోసం వెతికి నొక్కేస్తారు, మీకు ఏమీ తెలియదు. ‘మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పి, ఈ శనివారం తీసుకొద్దామనుకుంటున్నారు, ఏం చేస్తారో చేసి చూపించండి’ అనండి. ఆ తరువాత నోరు కట్టేసుకోండి. ఇది అన్నిటికంటే కష్టం. ఎదుటివారు తప్పు బటన్ వైపు వేలు తీసుకెళ్తుంటే ‘అది కాదండీ, కింద ఉంది చూడండి’ అని చెప్పాలని ప్రాణం కొట్టుకుంటుంది. నేను మొదట్లో నా చేతుల మీద నేనే కూర్చునేవాణ్ణి. వారు మిమ్మల్ని ‘ఇప్పుడు ఏం నొక్కాలి?’ అని అడిగితే ‘నేను పక్కన లేకపోతే ఏం చేసేవారు?’ అని తిరిగి అడగండి. ఆగినచోటు, వెనక్కి వెళ్లినచోటు, పైకి చదివినచోటు రాసుకోండి. తమ తప్పేనని నొచ్చుకునేవారికి, పరీక్ష మాకే కానీ మీకు కాదని ముందే చెప్పండి, మధ్యలో మరోసారి చెప్పండి.

దీనికి తయారైన వెబ్‌సైట్ ఉండాల్సిన అవసరం కూడా లేదు. తెల్ల కాగితాలను ఫోన్ సైజులో కత్తిరించి, ఒక్కో ప్రశ్నను ఒక్కో కాగితం మీద రాసి, వేలితో నొక్కినప్పుడు తరువాతి కాగితం పెడితే సరిపోతుంది. ఒక తెర మీద ఒకే ప్రశ్న అన్న పద్ధతిని బ్రిటన్ ప్రభుత్వ సైటు గవ్.యూకే తన సేవల్లో విస్తృతంగా వాడుతోంది. మా ఫారంలోనూ పన్నెండు పెట్టెల పేజీ కంటే ఐదు చిన్న తెరలే సులువుగా నడిచాయి, నొక్కులు ఎక్కువైనా ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ‘మూడు క్లిక్కుల్లో అయిపోవాలి’ అని మీ మేనేజరు అంటున్నారని రాశారు. క్లిక్కులు లెక్కపెట్టడం కంటే, ప్రతి క్లిక్కు ముందు మనిషి ఎంతసేపు ఆలోచిస్తున్నాడో చూడమని నా సలహా.

యాప్ సంగతి. ఏడాదికి రెండుసార్లు ఆసుపత్రికి వచ్చే మనిషి, ఫొటోలకే చోటు చాలని ఫోన్‌లో మీ యాప్‌ను ఉంచుకోడు. డయాలసిస్‌కో కీమోకో తరచూ వచ్చేవారికి దానివల్ల ఉపయోగం ఉండవచ్చు, కానీ వారికి సిబ్బంది ఎలాగూ పేరుపేరునా తెలుసు. ఆ డబ్బును రిసెప్షన్ తెర మీద ఖర్చు పెట్టండి.

ఫలితం ఎలా కొలవాలో మీరు అడగకపోయినా, యాజమాన్యం అడుగుతుంది. సందర్శకుల సంఖ్య చూపించవద్దు, వెబ్‌సైట్ గజిబిజిగా ఉన్నా అది పెరుగుతుంది. రూళ్ల పుస్తకంలో ‘డాక్టరుగారు ఉన్నారా’ అన్న కాల్స్‌ను మార్పుకు ముందు రెండు వారాలు, తరువాత రెండు వారాలు విడిగా లెక్కపెట్టించండి. ఫారంలో ఏ తెర దగ్గర ఎంతమంది ఆగిపోతున్నారో లాగ్‌లో చూడండి. ఫోన్ కాల్స్ పూర్తిగా ఆగిపోవాలని మాత్రం అనుకోవద్దు. భయపడిన మనిషి మరో మనిషి గొంతు వినాలనుకోవడం లోపమేమీ కాదు, ఆ కాల్స్ కోసం ఆ అమ్మాయికి తీరిక మిగిల్చితే చాలు.

సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకల్లా కౌంటర్ వెనుక కుర్చీ అడిగి కూర్చోండి; సోమవారమే ఎందుకంటే, ఆదివారం ఓపీ లేని ఆసుపత్రికి ఆ రోజు రద్దీ ఎక్కువ. ల్యాప్‌టాప్ తీసుకెళ్లవద్దు, ఒక నోటు పుస్తకం చాలు. మొదటి పూటలో వచ్చిన కాల్స్‌లో అవతలివారు అన్న మొదటి వాక్యాన్ని యథాతథంగా రాసుకుని, పేర్లూ నంబర్లూ తీసేసి ఇక్కడ పెట్టండి. మీ మొదటి పేజీలో ఏది ఎక్కడ ఉండాలో ఆ వాక్యాలు ఎదురుగా పెట్టుకుని మాట్లాడుకుందాం.